స్ట్రాబెర్రీ ఆశ, వాక్కాయ లెక్క

తోట సంగతులు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో నాలుగు బెర్రీ పండ్ల సాగు గురించే ఉన్నాయి. అందువల్ల మిగతా ప్రశ్నలను వచ్చే సంచికకు వాయిదా వేసి, ఈ నాలుగింటికీ ఒకేచోట జవాబు ఇస్తున్నాను.

ప్రశ్న: మాది దుగ్గిరాల దగ్గర పల్లెటూరు. నాన్నగారి వాటాగా నాకు 60 సెంట్ల నల్లరేగడి పొలం వచ్చింది. బోరు ఉంది. ఇంతకాలం కౌలుకిచ్చాం, పసుపు, మొక్కజొన్న వేస్తున్నారు. నేను విజయవాడలో ఉద్యోగం మానేసి, ఆ పొలంలో స్ట్రాబెర్రీ, బ్లూబెర్రీ వేయాలనుకుంటున్నాను. ఒక నర్సరీవాళ్ళు మొక్కలు, మల్చింగ్ షీటు, డ్రిప్పు అన్నీ తామే అమర్చి, పంట కూడా తామే కొంటామంటూ అరెకరానికి నాలుగు లక్షలు అడుగుతున్నారు. ఇవ్వవచ్చునా? ఈ సాగు నేర్చుకోవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?
— ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: అమ్మా, ఆ నాలుగు లక్షలు ఇవ్వకండి. నర్సరీవాళ్ళు మోసగాళ్ళని నేను అనడం లేదు. వాళ్ళు చెప్పే లెక్క చల్లని కొండల మీద కుదిరే లెక్క, మీ పొలమేమో కృష్ణ కాలువల కింద ఉన్నది.

స్ట్రాబెర్రీ మొక్క పూమొగ్గ తొడగాలంటే పగటి పొద్దు తగ్గాలి, రాత్రులు చల్లబడాలి. పగలు 22 నుంచి 25 డిగ్రీలు, రాత్రి 10 నుంచి 15 డిగ్రీలు ఉంటే దానికి హాయి. మహాబలేశ్వరం సుమారు 1,350 మీటర్ల ఎత్తున ఉంది కనుకనే అక్కడి స్ట్రాబెర్రీకి అంత పేరు వచ్చింది, 2010లో భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. మన రాష్ట్రంలో లంబసింగి, చింతపల్లి వైపు రైతులు పండించగలుగుతున్నారంటే అది దాదాపు 1,000 మీటర్ల ఎత్తున, జనవరి తెల్లవారుజామున పొగమంచులో ఎదుటి మనిషి కనబడని చోటు. దుగ్గిరాలలో సంక్రాంతి రాత్రికి కూడా పలుచని దుప్పటి ఒకటి చాలు. మొక్కలు సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో నాటితే మన దగ్గర డిసెంబరు చివర కాపు మొదలై, ఫిబ్రవరి ఎండలు ముదరగానే ఆగిపోతుంది. ఆ వేడికి ఎర్ర నల్లి కూడా తోడవుతుంది. పైగా మన వేసవిలో తల్లిమొక్కలు బతకవు కనుక ఏటా మొక్కలు బయటినుంచి కొనవలసిందే. ఎకరానికి 22,000 మొక్కల చొప్పున పడతాయన్న సంగతి గుర్తు పెట్టుకుంటే ఆ ఖర్చు ఎంతవుతుందో మీరే కట్టుకోగలరు.

నేల మరొక అడ్డంకి. స్ట్రాబెర్రీకి నేల పులుపును తెలిపే ఉదజని సూచిక (పీహెచ్) 5.5 నుంచి 6.5 మధ్య ఉండాలి. మీ ప్రాంతపు నల్లరేగడిలో అది సాధారణంగా 7.5 నుంచి 8.5 వరకు ఉంటుంది. అలాంటి నేలలో మొక్క ఇనుమును తీసుకోలేదు. ఈనెలు పచ్చగా ఉండి మిగతా ఆకంతా పసుపు తిరిగితే ఆ లోపమేనని పోల్చుకోవచ్చు. నీటిలో ఉప్పును కూడా ఈ మొక్క బొత్తిగా ఓర్చుకోదు, డెల్టాలో తీరానికి దగ్గరయ్యే కొద్దీ బోరునీరు ఉప్పదనానికి తిరుగుతుందన్న సంగతి మీకు నేను చెప్పనక్కరలేదు.

ఇదంతా పుస్తకంలో చదివి చెబుతున్న మాట కాదు. కొన్నేళ్ళ క్రితం మంగళగిరి దగ్గర మూడు సెంట్లలో నేనూ 600 స్ట్రాబెర్రీ మొక్కలు నాటాను. సెప్టెంబరులో రావలసిన మొక్కలు అక్టోబరు ఆఖరుకు, అదీ పెట్టెలో సగం వాడి, చేరాయి. ఆ వెంటనే పట్టిన ముసురుకు మడుల మధ్య నీరు నిలిచి కొన్ని కుళ్ళాయి. ఆ సీజను మొత్తానికి నాకు దక్కినవి 42 కిలోలు. వాటిలో మొదటి ఆరు కిలోలను ఒకరోజు పొద్దెక్కాక కోసి, అట్టపెట్టెలో రెండు వరుసలుగా పేర్చి, మధ్యాహ్నం బస్సులో విజయవాడలోని ఒక పండ్ల దుకాణానికి తీసుకువెళ్ళాను. దుకాణంలో పెట్టె ఎత్తేసరికి అట్ట అడుగు తడిసి నా చొక్కా ఎర్రబడింది. కింది వరుస అంతా నలిగిపోయింది. దుకాణదారు పై వరుసను మాత్రం తూచి డబ్బిచ్చి, ఇకమీదట తెల్లవారుజామునే కోసి, ఒక్క వరుసగా చిన్న డబ్బాల్లో సర్ది తెమ్మని నెమ్మదిగా చెప్పాడు. నాలుగు నెలల్లో నాకు నిజంగా పనికొచ్చిన పాఠం అదొక్కటే, అది చెప్పినవాడు వ్యవసాయం ఎరుగని మనిషి.

స్ట్రాబెర్రీని పచ్చిగా కోస్తే ఆ తరువాత మాగదు, పండాక కోస్తే బయట వేడిలో రెండు రోజులు కూడా ఆగదు. బెర్రీ అన్న పేరున్న పండ్లలో చాలావాటికి ఇదే గుణం. అందుచేత ఈ వ్యాపారంలో మీరు ముందుగా నేర్చుకోవలసినది కోతకూ కొనేవాడి చేతికీ మధ్య ఉండే ఆ కొద్ది గంటల సంగతి, నాటడం ఆ తరువాతి మాట. పంట తామే కొంటామన్న నర్సరీవాళ్ళను, ఏ తేదీన, ఏ ధరకు, ఎంత నలిగినది తీసుకోమంటారో కాగితం మీద రాసివ్వమని అడిగి చూడండి. వాళ్ళ ముఖంలోనే జవాబు దొరుకుతుంది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు కోతకొచ్చిన వరి నేలకొరిగిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. స్ట్రాబెర్రీ పూత, పిందె మీద ఉండేది సరిగ్గా ఆ రోజుల్లోనే, అప్పటి నష్టం ఎవరిదన్నది కూడా ఆ కాగితంలో ఉండాలి.

బ్లూబెర్రీ గురించి ఎక్కువ చెప్పను. దానికి 4.5 నుంచి 5.5 వరకు ఉదజని సూచిక ఉన్న ఆమ్ల నేల కావాలి. సున్నం ఉన్న నల్లరేగడిలో గంధకం ఎంత చల్లినా ఆ సున్నం దాన్ని విరిచేస్తుంది. కొబ్బరి పొట్టు నింపిన కుండీల్లో, చలి అంతగా కోరని రకాలను, ఆమ్లం కలిపి సరిచేసిన నీటితో పెంచేవాళ్ళున్నారు గాని అది షెడ్డు, ఫిల్టరు, కొలత పరికరాలతో కూడిన పెద్ద పెట్టుబడి. 60 సెంట్లతో, తొలి అనుభవంతో దిగవలసిన పని కాదు.

ఇక్కడ ఒక చిన్న సంగతి చెప్పుకోవాలి. వృక్షశాస్త్రం ప్రకారం స్ట్రాబెర్రీ అసలు బెర్రీయే కాదు. ద్రాక్ష, టమాటా, వంకాయ, అరటి బెర్రీలు. మిరపకాయ కూడా బెర్రీయే. ఆసియాలోనే పెద్దదిగా పేరుపడిన గుంటూరు మిర్చియార్డులో ఏటా గుట్టలు పోసేది బెర్రీలేనన్నమాట. మాటకు మోసపోకుండా, పుల్లగా తియ్యగా, గుప్పెడు తినదగిన చిన్న పండు అన్న అర్థంలో చూస్తే మన వేడికి ఓర్చేవి మన చుట్టూనే ఉన్నాయి.

మీ 60 సెంట్లలో 43 సెంట్లు కౌలులోనే ఉంచండి. పసుపు మీకు ఆ మాత్రం ధీమా ఇస్తుంది. మిగిలిన 17 సెంట్లను ఇలా వాడుకోండి. పది సెంట్లలో వాక్కాయ వేయండి. మొక్కకూ మొక్కకూ, వరుసకూ వరుసకూ 3 మీటర్ల ఎడం ఇస్తే 45 మొక్కలు పడతాయి. వాక్కాయ ఎండకూ, కొంత చౌడుకూ ఓర్చుకుంటుంది గాని వేరు దగ్గర నీరు నిలిస్తే కుళ్ళిపోతుంది, మీది రేగడి కనుక మట్టి ఎగదోసి ఎత్తైన కట్టల మీద నాటాలి. ఐదు సెంట్లలో మల్బరీ వేయవచ్చు. అయితే పట్టుపురుగుల కోసం నాటే వి–1 వంటివి ఆకు కోసం ఎంచిన రకాలు, మీరు పండు పెద్దగా కాసే చెట్టును కళ్ళారా చూసి, పెన్సిలంత లావున్న కొమ్మముక్కలు తెచ్చుకుని వానాకాలంలో గుచ్చండి, సులువుగా వేరు పడతాయి. కొమ్మలు కత్తిరించి నీరు పెడితే కొత్త చిగుళ్ళతోపాటే కాయ వస్తుంది కనుక, ఐదు సెంట్లనూ ఒకేసారి కత్తిరించకుండా వారానికొక వరుస చొప్పున కత్తిరిస్తే పండు కూడా విడతలుగా చేతికొస్తుంది. మల్బరీ పండు ఒక్కరోజుకు మించి ఆగదు, పిగిలిపిట్టలకు మహా ఇష్టం. వల కప్పక తప్పదు.

మిగిలిన రెండు సెంట్లలో, ప్రయోగంగా మాత్రమే, ఉత్తరాదివారు రస్‌భరి అనే పండును వేసి చూడండి. మన చేలగట్ల మీద మొలిచే కుప్పంటి కాయకు ఇది దగ్గర చుట్టం, కాగితపు బుడ్డలాంటి పొరలో పసుపుపచ్చని పండు ఉంటుంది. జులై, ఆగస్టులో నారు పోసి సెప్టెంబరులో నాటితే చలికాలంలో కాస్తుంది. ఆ పొర తీయకుండా పొడిగా ఉంచితే పండు వారాల తరబడి చెడదు. కొత్తగా అమ్మకం నేర్చుకునేవారికి ఇంతకన్నా అనువైన సరుకు లేదు. ఒక్క జాగ్రత్త: ఇది మిరప, వంగ, పొగాకుల కుటుంబానికి చెందినది, ఆ పంటల పురుగులూ తెగుళ్ళూ దీనికీ వస్తాయి. మిరప తీసిన మడిలోగాని, వేళ్ళను పట్టి బతికే పొగాకు మల్లె అనే కలుపు కనబడిన మడిలోగాని నాటవద్దు.

నేర్చుకోవడం ఎక్కడ మొదలుపెట్టాలన్నారు. ముందుగా మట్టి: ఎనిమిది, పది చోట్ల ఆరంగుళాల లోతున ఆంగ్ల అక్షరం ‘వి’ ఆకారంలో గుంట తవ్వి, పక్కలనుంచి పలుచగా చెక్కి, అంతా కలిపి, అరకిలో మిగిల్చి ఇవ్వండి, బోరునీరు కూడా ఒక శుభ్రమైన సీసాతో పరీక్షకు పంపండి. మీ ఊరి రైతు సేవా కేంద్రం, నిన్నమొన్నటి దాకా రైతు భరోసా కేంద్రమన్నదే, దారి చూపుతుంది. గుంటూరు శివారు లాంలోని ఉద్యాన పరిశోధన స్థానం ప్రధానంగా మిరప, సుగంధ ద్రవ్యాల మీద పనిచేసేదే అయినా పురుగుల, తెగుళ్ళ సంగతిలో దానికి మించిన సలహా మీ దగ్గరలో దొరకదు. పండ్ల మొక్కల విషయానికి తాడేపల్లిగూడెం దగ్గర వెంకటరామన్నగూడెంలోని డాక్టర్ వై.ఎస్.ఆర్. ఉద్యాన విశ్వవిద్యాలయాన్ని అడగండి. స్ట్రాబెర్రీ మీద మనసు చావకపోతే జనవరిలో ఒకసారి లంబసింగి వెళ్ళి, పర్యాటకుల వెంట కాకుండా, తెల్లవారకముందే తోటలో కోత కోసేవాళ్ళ పక్కన నిలబడి చూసి రండి. వీటన్నిటికీ ముందు, ఒక నెలపాటు వారానికి రెండు రోజులు రైతు బజారుకూ, రెండు రోజులు పండ్ల దుకాణాలకూ వెళ్ళి, చిన్న పండ్లు ఎవరు కొంటున్నారో, సాయంత్రానికి ఎంత మిగిలి పారేస్తున్నారో ఒక పుస్తకంలో రాసుకోండి.

ప్రశ్న: మాకు మైలవరం దగ్గర రెండెకరాల మామిడి తోట ఉంది, ఎర్రనేల. అడవి పందుల బాధ తట్టుకోలేక కంచెగా వాక్కాయ నాటమని మా పెదనాన్నగారు అంటున్నారు. కాయకు గిరాకీ ఉంటుందా? ముళ్ళ మధ్య కోత కోసే కూలీలు దొరుకుతారా?
— ఒక పాఠకుడు, మైలవరం

జవాబు: మీ పెదనాన్నగారి మాట వినండి. కంచెగా అయితే మొక్కల మధ్య మీటరు నుంచి మీటరున్నర ఎడం చాలు. పొద అల్లుకుపోయాక మేకా దూరదు, మనిషీ దూరడు. పందులకు మాత్రం మొదటి రెండు, మూడేళ్ళు వేరే కాపలా ఉండాలి.

గింజ మొక్కలు తక్కువ ధరకు వస్తాయి గాని వాటిలో ఒకటి రేగుపండంత కాయ కాస్తే మరొకటి శనగగింజకన్నా కాస్త పెద్దది కాస్తుంది. కంచె వరకు గింజ మొక్కలు సరే. అమ్మకానికి మాత్రం బాగా కాసే పొద ఒకటి చూసుకుని వర్షాకాలంలో గాలి అంట్లు, అంటే కొమ్మ చెట్టున ఉండగానే వేరు పుట్టించే అంట్లు, కట్టించండి. పంత్‌నగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం విడుదల చేసిన పంత్ మనోహర్, పంత్ సుదర్శన్, పంత్ సువర్ణ, కొంకణ్ ప్రాంతం నుంచి వచ్చిన కొంకణ్ బోల్డ్ పేరున్న రకాలు. మొదటి రెండూ తెల్లని కాయ మీద గులాబీ చాయతో చూడముచ్చటగా ఉంటాయి, కొంకణ్ బోల్డ్ కాయ పెద్దది. గింజలే పోయాలనుకుంటే పండిన కాయనుంచి తీసిన వెంటనే పోయండి, నిలవ ఉంచితే మొలక శక్తి త్వరగా పోతుంది.

గిరాకీ సంగతికొస్తే, వాక్కాయ ఒకటే సరుకు కాదు, మూడు సరుకులు. పచ్చికాయ పప్పులోకి, పచ్చడికి, పులిహోరకు పోతుంది. మన ఇళ్ళల్లో ఆషాఢ, శ్రావణ మాసాల్లో వాక్కాయ పప్పు వండనివారు తక్కువ గనుక రైతు బజారులో దానికి ఎవరూ కొత్తగా ప్రచారం చేయనక్కరలేదు. దోరకాయ జెల్లీలకు, జాములకు పోతుంది. మూడోది చాలామందికి తెలియదు: కేకు మీద, స్వీటు కిళ్ళీలో ఎర్రగా మెరిసే ‘చెర్రీ’ చాలాచోట్ల వాక్కాయే. గింజ తీసి, ఉప్పునీటిలో ఊరబెట్టి, రంగు పట్టించి, చక్కెర పాకాన్ని రోజురోజుకూ చిక్కబరుస్తూ అందులో నాననిస్తారు. అలా తయారు చేసేవారికి టన్నుల లెక్కన కావాలి, ధర తక్కువ ఇస్తారు. రైతు బజారులో కిలోల లెక్కన పోతుంది, ధర ఎక్కువ వస్తుంది. పొదకు నాలుగు కిలోల కాపు వస్తే, కంచెలో 45 పొదలు కోసినా 180 కిలోలు, అదీ జులై నుంచి సెప్టెంబరు దాకా విడతలుగా వస్తుంది కనుక మీవంటి చిన్న తోటకు రైతు బజారే నయం.

కోత మాటకు నా దగ్గర తేలికైన జవాబు లేదు. ముల్లు జంటగా, సూదిగా ఉంటుంది. కాయ తుంచగానే తెల్లని పాలు కారి వేళ్ళు జిగురు పడతాయి. గన్నేరు కుటుంబానికి చెందిన మొక్క కనుక ఆ పాలు సహజం. గన్నేరులా విషం కాదు గాని చేతికి నూనె రాసుకుని దిగితే కడుక్కోవడం సులువు. కూలీలను పిలిచే ముందు ఎవరి పొదనైనా ఒకదాన్ని మీ చేత్తో పూర్తిగా కోసి, ఎంతసేపు పట్టిందో గడియారం చూసుకోండి. దాన్నిబట్టి కిలోకు కోత కూలి ఎంతవుతుందో తేలుతుంది. అది అమ్మకపు ధరలో మూడోవంతు దాటితే కంచెను ఇంటి మనుషులు కోయగలిగినంత మేరకే కాపుకు వదిలి, మిగతాది కత్తిరిస్తూ ఉండండి. మీకున్న ఒక అనుకూలం ఏమిటంటే, మామిడి ముగిసిన తరువాతే వాక్కాయ మొదలవుతుంది. మామిడికి వాడిన ప్లాస్టిక్ ట్రేలూ, నున్న మార్కెట్టుకు సరుకు తోలిన ఆటో మనిషీ అప్పటికి ఖాళీగానే ఉంటారు. ఇతర సలహాలకు జగ్గయ్యపేట దగ్గర గరికపాడు కృషి విజ్ఞాన కేంద్రం మీకు అందుబాటులో ఉంది.

ప్రశ్న: గుంటూరులో మా మేడమీద కుండీలో బ్లూబెర్రీ మొక్క పెట్టాను. ఎనిమిది నెలలైనా ఎదగదు, ఆకులు పాలిపోతున్నాయి. ఎరువు ఏం వేయాలి?
— ఒక పాఠకుడు, బ్రాడీపేట

జవాబు: ఎరువు వేయకండి, లోపం నీటిలో ఉంది. మీరు పోసే నీటిలోని సున్నం కుండీలో పేరుకుని, మొక్క కోరే పులుపును చంపేస్తున్నది. వాననీరు పట్టి ఉంచుకుని అదే పోయండి, మొక్కను మధ్యాహ్నపు ఎండ తగలని తూర్పు గోడ వైపు మార్చండి. మే నెల దాటి బతికితే మీ అదృష్టం. అదే కుండీలో మల్బరీ కొమ్మ గుచ్చితే వచ్చే ఏడాదికి పిల్లలు నాలుక నల్లగా చేసుకుంటారు.

ప్రశ్న: పటమటలో మేం తొమ్మిదిమంది పొదుపు సంఘం సభ్యులం. వాక్కాయ, నేరేడు, మల్బరీ జాములు చేసి అమ్మాలనుకుంటున్నాం. ఇంట్లో చేసినవి అమ్మవచ్చునా? మా జాము ఒకసారి గట్టిపడుతుంది, ఒకసారి నీళ్ళగా ఉంటుంది.
— ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: అమ్మవచ్చు గాని ఆహార భద్రత సంస్థ ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ. దగ్గర నమోదు చేయించుకుని, ఆ నంబరు, తయారీ తేదీ, వాడిన దినుసులు, బరువు సీసా మీద ముద్రించాలి. ‘జాము’ అని పేరు పెడితే ఆ సంస్థ నిబంధనల ప్రకారం అందులో కనీసం 45 శాతం పండు, కరిగిన ఘనపదార్థం కనీసం 65 శాతం ఉండాలి. స్ట్రాబెర్రీ, రాస్‌బెర్రీ జాములకు మాత్రం పండు 25 శాతం ఉన్నా చాలు. ఆ 65 శాతాన్ని కొలిచే రిఫ్రాక్టోమీటరు అనే చిన్న పరికరం చేతిలో పట్టుకుని చూసేంతే ఉంటుంది, తొమ్మిదిమంది కలిసి మొదట కొనవలసిన వస్తువు అదే.

మీ జాము ఒకసారి నీళ్ళగా రావడానికి కారణం పండు పక్వంలో ఉంది. జామును గట్టిపరిచే పెక్టిన్ దోరకాయలో ఎక్కువ, బాగా పండిన దానిలో తక్కువ. మల్బరీలో పులుపూ తక్కువే. అందుచేత పండిన మల్బరీ మూడు పాళ్ళకు దోర వాక్కాయ ఒక పాలు కలిపి వండి చూడండి. పులుపు, పెక్టిన్, ఎర్రదనం మూడూ వాక్కాయే ఇస్తుంది, బయటి రంగు అవసరపడదు. వాక్కాయను ముందు రెండుగా కోసి, గింజ తీసి, ఉప్పు కలిపిన నీటిలో కాసేపు ఉంచితే పాలజిగురు పోతుంది. ఆ పని చేయకపోతే గిన్నె అంచున తెల్లని జిగురు పట్టి జాముకు కొద్దిగా వగరు వస్తుంది. నేరేడును మాత్రం విడిగా చేయండి, దాని వగరు మిగతా రెండింటినీ మింగేస్తుంది.

డబ్బు సాయం కోసం 2020లో మొదలైన ప్రధానమంత్రి సూక్ష్మ ఆహార శుద్ధి సంస్థల పథకం ఉంది. అందులో బ్యాంకు రుణంతో ముడిపడి 35 శాతం, గరిష్ఠంగా పది లక్షల రూపాయల వరకు రాయితీ, పొదుపు సంఘాలకైతే సభ్యురాలికి 40,000 రూపాయల వరకు మూలధనం ఇచ్చే ఏర్పాటు ఉంచారు. కొత్త దరఖాస్తులు ఇప్పుడు తీసుకుంటున్నారో లేదో మీ సమాఖ్య కార్యాలయంలో అడిగి, ఆ తరువాతే యంత్రాల కొటేషన్లకు తిరగండి. ఈలోగా పది సీసాలు మీ వీధిలోనే అమ్మి, ఖాళీ సీసా తిరిగి ఇచ్చి రెండోది అడిగినవారెందరో లెక్క పెట్టుకోండి.